అప్‌డేట్: ఐదు టాక్సిన్ జతలు తీసేసిన ఈ.కోలైలో బయోఫిల్మ్ ఎందుకు తగ్గింది?

సమాధానాలు ఇచ్చిన అందరికీ చాలా థాంక్స్. మజ్‌ఎఫ్, రెల్‌ఈ లాంటి ఐదు టాక్సిన్లను (కణం తన ఎదుగుదలనే ఆపే విషపు ప్రోటీన్లు), వాటి యాంటీటాక్సిన్లతో (విరుగుళ్లతో) సహా తీసేసిన ఈ.కోలై బ్యాక్టీరియాలో బయోఫిల్మ్ (కణాలు ఉపరితలానికి అంటుకుని కట్టే పొర) ఎందుకు తగ్గిందని అడిగాను కదా, మీరన్నట్టే తేడా టైమింగ్‌లో ఉంది. నేను 8 గంటలకే ఆపేశాను.

ఈసారి 24 గంటలు ఉంచాను. బయోఫిల్మ్‌కు పట్టే క్రిస్టల్ వయొలెట్ రంగు వేసి నీళ్లతో కడిగితే, ఏమీ తీసేయని మామూలు స్ట్రెయిన్ ఉన్న ప్లేటు గుంటల్లో కంటే దీని గుంటల్లోనే ఊదారంగు వలయం చిక్కగా నిలిచింది. చూడగానే ప్రాణం లేచొచ్చింది!

2009 నాటి పేపర్‌లోనూ ఇదే ఉంది: మొదట్లో టాబ్‌ఏ అనే ప్రోటీన్ పెరిగి, ఫింబ్రియే (అంటుకోడానికి కణాలపై ఉండే సన్నటి పోగులు) తగ్గి, కణాలు సరిగా అంటుకోవు. తర్వాత పొర నుంచి విడిపోవడం తగ్గి, బయోఫిల్మ్ పేరుకుంటుంది. ఫింబ్రియే సంగతి మాత్రం నా కళ్లతో చూడాలి. వచ్చే వారం ఈస్ట్ కణాలతో కలిపి, గడ్డకడుతున్నాయో లేదో చూస్తాను; ఫింబ్రియే తక్కువైతే గడ్డకట్టడమూ తగ్గాలి.