"ఊరకుండుడి" అంటే నోరు మూసుకోమనా, చెయ్యి వదలమనా?

అందరికీ నమస్కారం, వందనాలు. ఒక మాట చాలా రోజులుగా బుర్ర తొలిచేస్తోంది, ఇక్కడ అడిగితే తేలుతుందని రాస్తున్నా.

డిసెంబర్ 31 రాత్రి ఆరాధన అయ్యాక మా గుంటూరు చర్చిలో బైబిల్ వచనం అచ్చువేసిన వాగ్దాన కార్డులు ఇస్తారు. బుట్టలో చెయ్యి పెట్టి తీసుకోవాలి, ఏది వస్తే అది మనది. ఈసారి నాకు వచ్చింది కీర్తన 46:10. "ఊరకుండుడి నేనే దేవుడనని తెలిసికొనుడి." మా ఆవిడ చూసి "ఇన్నేళ్లు నేను చెప్తే వినలేదు, ఆఖరికి ఆయనే చెప్పాల్సొచ్చింది" అంది. కార్డు ఇప్పుడు ఫ్రిజ్ తలుపు మీద ఉంది, నాకు కనపడేంత ఎత్తులో ఆవిడే అంటించింది.

ఆవిడ అన్నదాంట్లో న్యాయం ఉందిలెండి. మా అమ్మాయి విజయవాడలో ఇంజినీరింగ్ చదువుతోంది, రోజూ బస్సులో వెళ్లొస్తుంది. సాయంత్రం అయిందంటే నేను మిర్చి యార్డులో కొట్టు లెక్కలు రాస్తూనే ఫోన్లో దాని లైవ్ లొకేషన్ చూస్తుంటా, వారధి దాటింది, మంగళగిరి వచ్చింది, కాజ టోల్‌గేట్ దగ్గర చుక్క కదలట్లేదు, ఇక ఆగలేను, ఫోన్ కొట్టేస్తా. "ఎక్కడున్నావమ్మా?" "ఇంకెక్కడుంటా, బస్సులోనే. ఊరుకో నాన్నా." మొన్న ఇలాగే అన్నప్పుడు చటుక్కున తట్టింది, ఫ్రిజ్ మీదున్న మాటా ఇదే కదా అని.

అసలు సంగతికొస్తా. కూడికల్లో ఈ వచనం మీద విన్న ప్రసంగాలు రెండు రకాలు. ఒకరు మౌనంగా ధ్యానించమంటారు, ఇంకొకరు నువ్వేం చెయ్యకు అంతా దేవుడే చూసుకుంటాడంటారు. ఫోన్లో హీబ్రూ మాటల అర్థాలు చూపించే యాప్ ఉంటే తెరిచి చూశా. అక్కడున్న మాట "హర్పూ", దాని ధాతువు "రఫా". సడలించు, పట్టు వదులు, చెయ్యి జారనియ్యి అని అర్థం. మౌనం ఊసే లేదు అందులో. అదే నిర్గమకాండం 14:14 చూడండి, "యెహోవా మీ పక్షమున యుద్ధము చేయును, మీరు ఊరకయే యుండవలెను". అక్కడ హీబ్రూలో వేరే మాట, అది నిజంగానే నోరు మెదపకుండా ఉండటం. మన తెలుగు బైబిల్ రెండింటినీ "ఊరక"తోనే కట్టేసింది.

నా ప్రశ్న ఇదీ. "ఊరకుండుడి" అన్నప్పుడు మనం సగం అర్థం పోగొట్టుకున్నామా? మీరైతే ఏం రాసేవారు?

బ్రాడీపేట, రిటైరైన తెలుగు మాస్టారు:
బాబూ, యాప్ చూసి తెలుగు మాట మీద తీర్పు చెప్పేముందు తెలుగు మాటని కూడా ఒకసారి తిప్పి చూడండి. "ఊరక"కి మౌనం ఒక్కటే అర్థం కాదు. పోతన గారి "ఊరక రారు మహాత్ములు"లో ఊరక అంటే కారణం లేకుండా. ఇవాళ "ఊరికే వచ్చాను" అన్నా అంతే, "ఊరికే ఇచ్చాడు" అంటే డబ్బు తీసుకోకుండా. ఇక ఊరకుండు వాడుకలో ఊరుకో అయ్యాక దాని వేషాలు చూడండి. "ఇంకోసారి ఇలా చేస్తే ఊరుకోను" అంటే మాట్లాడతానని కాదుగా, చెయ్యి చేసుకుంటానని. అంటే ఊరుకోవడం అనేది నోటికి సంబంధించింది మాత్రమే కాదు, చేతికి కూడా సంబంధించింది. మన గుంటూరోళ్లు "ఊరుకుందురూ, మీరు మరీను" అంటారు, అంటే ఆ మాట అక్కడితో వదిలెయ్యమని. అనువాదం చేసినవాళ్లు మరీ అంత తప్పులో కాలెయ్యలేదు.

సామెత కూడా ఉంది కదా, ఊరుకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదని. రెండోది స్వానుభవం.

తెనాలి నుంచి:
నేనైతే "వదిలెయ్యండి" అని రాస్తా. సూటిగా ఉంటుంది, పిల్లలకి కూడా అర్థమవుతుంది.

మాస్టారు:
"వదిలెయ్" అనే మాట మనం ఎప్పుడు అంటామో గమనించారా? విసుగొచ్చినప్పుడు. "వాడి సంగతి వదిలెయ్" అంటే వాడితో మనకిక పనిలేదని. చేతులెత్తేశాడు, చేతులు దులుపుకున్నాడు, నీళ్లొదులుకున్నాడు, మన భాషలో చెయ్యి వదలడానికి ఉన్న పలుకుబళ్లన్నీ ఓటమివో, బాధ్యత లేనితనానివో. వదిలినదాన్ని ఇంకొకరి చేతిలో పెట్టడం ఆ మాటల్లో లేదు. ఊరుకోలో కొంచెం ఉంది. ఏడ్చే పిల్లని "ఊరుకో ఊరుకో" అని ఊరడిస్తాం చూడండి, అక్కడ పిల్ల ఒంటరిగా ఊరుకోదు, ఎత్తుకున్న చెయ్యి ఒకటి ఉంటుంది.

ఒక సభ్యుడు:
ఆమెన్ మాస్టారూ. మీరు చర్చికి రావాలి.

మాస్టారు:
మా ఇంటికి రెండు సందుల అవతలే ఉంది, క్రిస్మస్ కేకు ఏటా అక్కడినుంచే వస్తుంది.

విజయవాడ, సింగ్‌నగర్ నుంచి ఒక సిస్టర్:
ఈ కీర్తన మాట ఎత్తారు కాబట్టి చెప్తున్నా. 2024 సెప్టెంబర్ 1 ఆదివారం, బుడమేరుకి గండ్లు పడి మా వీధిలోకి నీళ్లొచ్చిన రోజు. చర్చికని తీసిపెట్టుకున్న చీర మంచం మీదే ఉండిపోయింది, మేం అందరం మేడ మీదకెక్కాం. కరెంటు లేదు. నాకు ఒకటే పని, ప్రతి పావుగంటకీ సెల్ లైటు వేసుకుని మెట్ల దాకా వెళ్లి ఎన్ని మెట్లు మునిగాయో లెక్కపెట్టడం. ఐదు. మళ్లీ వెళ్తే ఆరు. ఏడో మెట్టు అంచుకి మా పాప చెప్పు ఒకటి తేలుతూ తగులుతోంది. సెల్ చార్జింగ్ కూడా దానికే అయిపోయింది. మా అత్తగారు చీకట్లోంచి "ఊరుకోవే, నువ్వు చూస్తే తగ్గుద్దా?" అంది. ఆవిడకి చదువు రాదు, కీర్తనలు మాత్రం నోటికొచ్చు. "వాటి జలములు ఘోషించుచు నురుగుకట్టినను" అని ఈ కీర్తనే మొదలుపెట్టింది. అప్పటిదాకా నాకు అది కవిత్వం.

అలాగని మేం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. మా ఆయన నడుం లోతు నీళ్లలో వెళ్లి మంచినీళ్లూ పాలూ తెచ్చారు, పక్కింటి ముసలాయన్ని మా మేడ మీదకి ఎక్కించారు. అవన్నీ చెయ్యాల్సిన పనులు. నేను మెట్లు లెక్కపెట్టడమే ఏ పనికీ రానిది, దాన్నే వదల్లేకపోయా.

మంగళగిరి నుంచి, వేదాంత విద్యార్థి:
మంచి చర్చ, కానీ అందరూ ఒకటి మర్చిపోతున్నారు. 46:10 ఎవరితో అన్నారు? ముందు వచనంలో దేవుడు విల్లు విరుస్తున్నాడు, బల్లెం తెగనరుకుతున్నాడు, యుద్ధరథాలు కాల్చేస్తున్నాడు. వెంటనే "ఊరకుండుడి". అంటే ఇది జోకొట్టడం కంటే గద్దింపుకి దగ్గర, పట్టుకున్న ఆయుధం కింద పెట్టండి, ఇక చాలు అని. వాగ్దాన కార్డు మీద పూలబొమ్మ వేసి అచ్చువేస్తే ఆ గద్దింపు పోతుంది.

ఇంకో రెండు చోట్లు చూడండి, ధాతువు ఇదే. కీర్తన 37:8లో "కోపము మానుము", అక్కడ "మానుము". నిర్గమకాండం 5లో ఐగుప్తు రాజు ఫరో తనకి ఇటుకలు చేసే బానిసలైన ఇశ్రాయేలీయుల్ని "మీరు సోమరులు మీరు సోమరులు" అని తిడతాడు, ఆ సోమరితనం కూడా ఈ వేరులోంచి వచ్చిందే. ఇటుకల లెక్క తప్ప వేరే లోకం తెలియనివాడికి మూడు రోజులు పని ఆపి దేవుణ్ణి ఆరాధిస్తామంటే సోమరితనంలాగే కనిపిస్తుంది. పాతకాలపు గ్రీకు అనువాదంలో 46:10కి "తీరిక చేసుకోండి" అనే మాట వాడారు. స్కూల్ అనే మాట పుట్టింది ఆ తీరికలోంచే.

అందరికంటే నన్ను ఆపేసింది మాత్రం యెహోషువ 1:5. "నిన్ను విడువను నిన్ను ఎడబాయను." ఆ "విడువను" కూడా రఫానే. చెయ్యి వదలమని మనకి చెప్పిన మాటతోనే నీ చెయ్యి వదలనని ఆయన అంటున్నాడు.

మొదటి పోస్టు పెట్టినవాణ్ణి:
యెహోషువ మాట చదివి ఒకసారి బయటికెళ్లి టీ తాగొచ్చాను. ముప్ఫై ఏళ్లుగా వింటున్న వచనం, ఆ రెండూ ఒకే మాటని ఎవరూ చెప్పలేదు.

మా యార్డు సంగతి ఒకటి. కీర్తన 55:22లో "నీ భారము యెహోవామీద మోపుము" అని ఉంది. మోపు అంటే మాకు గడ్డిమోపు, తల మీద మోపు. టిక్కీ, అంటే మిర్చి బస్తా, దించే హమాలీని చూస్తే ఈ మాట బాగా తెలుస్తుంది. కొత్తగా వచ్చిన కుర్రాడు టిక్కీ కింద ఆనాక కూడా గోతం మూల చేత్తో పట్టుకునే ఉంటాడు, ఎక్కడ దొర్లుతుందోనని. దాంతో నడుం పట్టేస్తుంది. పాతకాపులు నిట్టు (బస్తాల దొంతర) మీద ఆన్చిన క్షణమే చెయ్యి తీసేస్తారు, ఇంకో టిక్కీకి వెళ్తారు. బరువు దించాక కూడా గోతం పట్టుకునే ఉన్న ఆ కుర్రాడు నేనే అని రాయడానికి కొంచెం సిగ్గుగానే ఉంది. మోకాళ్ల మీద ప్రార్థన చేస్తా, ఆమెన్ అన్న వెంటనే ఫోన్ తీసి చుక్క ఎక్కడుందో చూస్తా.

సిస్టర్ గారూ, మీరు చెప్పిన మెట్ల లెక్క మా ఆవిడకి చదివి వినిపించా. ఏమీ అనలేదు, ఫ్రిజ్ వంక చూసింది అంతే.

లొకేషన్ పూర్తిగా ఆపేశానని మాత్రం అనుకోకండి. అమ్మాయితో ఒప్పందం కుదిరింది, బస్సెక్కగానే ఒక మెసేజ్ పెడుతుంది, నేను ఫోన్ చెయ్యకూడదు. నిన్న కాజ దగ్గర అరగంట ట్రాఫిక్ అట, ఇంటికొచ్చాక చెప్పింది. నేను చూడలేదు. నిజం చెప్పాలంటే రెండుసార్లు చూశాను, ఫోన్ మాత్రం చెయ్యలేదు.

మంగళగిరి తమ్ముడూ, నువ్వు చెప్పిన 37:8లోనే "వ్యసనపడకుము" అని, అంటే బాధపడకు అని, ఉంది కదా, దాని మీద వేరే పోస్టు పెట్టు. సండే స్కూల్లో ఆ వచనం చెప్పిస్తే ఒక బుడ్డోడు "అంకుల్, నేను సిగరెట్లు తాగను" అన్నాడు.