తేట నీళ్లలో కొర్రమీను గాలానికి పడాలంటే ఏం చేయాలి?

మాది నర్సంపేట వైపు. మా చెరువు మత్తడి కింది వాగులో ఊట నీళ్లుంటాయి. వానలు తగ్గాక అడుగున ఇసుక కూడా కనిపించేంత తేట. కొర్రమీన్లకు కొదవ లేదు. గాలి కోసం పైకొచ్చి, గుటుక్కున మింగి దిగిపోవడం కళ్లారా చూస్తున్నా. గాలం వేస్తే మాత్రం ఎక్కడలేని తెలివి! ఎర్ర గుచ్చి వదిలితే జానెడు దూరం దాకా వస్తుంది, రెక్కలు మెల్లగా ఆడిస్తూ ఆగుతుంది, ఒక్కసారి తోక విదిలించి తుంగలోకి మాయం. గట్టు మీది నుంచి నా నీడ పడినా అంతే.

ఇప్పుడు వాడేది 0.40 మి.మీ. తంగూసు (నైలాన్ గాలం దారం). ఇంకా సన్నది వేస్తే కనబడదేమో గానీ, చేప పళ్లకో తుంగ వేర్లకో తెగుతుందని టెన్షన్. బతికున్న కప్పను గుచ్చమంటున్నారు, నాకు మనసొప్పదు. ఇంత తేట నీళ్లలో రబ్బరు కప్ప పనిచేస్తుందా? చేప గాలి పీల్చిన చోటే వెంటనే వేయాలా, కాసేపు ఆగాలా? మబ్బు పట్టిన రోజు మేలా?

ఎర్రటి పిల్లల గుంపును కాస్తున్న కొర్రమీను జంట మీద గాలం వేయను, అది తేలికని తెలిసినా సరే. వల, కరెంటు సలహాలు కూడా దయచేసి వద్దు.