పారాక్వాట్ గడ్డి మందును శాశ్వతంగా నిషేధించాలా?

హన్మకొండ_సిస్టర్: నేను ఐసీయూలో నర్సును. పురుగు మందు తాగి వచ్చినవాళ్లలో కొందరినైనా బతికించుకుంటాం. గడ్డి మందు తాగినవాళ్లు అలా కాదు. మొదటి రెండు రోజులు మామూలుగా మాట్లాడతారు, టిఫిన్ అడుగుతారు. తర్వాత కిడ్నీలు, ఆపైన ఊపిరితిత్తులు పోతాయి. విరుగుడు లేదు. ఆక్సిజన్ పెడితే ఊపిరితిత్తులు ఇంకా పాడవుతాయి. ఐరోపా 2007లోనే ఆపేసింది. మనకెందుకు ఇంకా?

నర్సంపేట_పత్తి: సిస్టర్, బాధ అర్థమవుతుంది. కానీ తాగితే ఏ మందైనా చంపుతుంది. మాది నల్లరేగడి. వాన పట్టుకుంటే పది రోజులు గుంటుక దిగదు. కలుపు పత్తిని మించిపోతుంది, కూలీలు దొరకరు. సాళ్ల మధ్య పారాక్వాట్ కొడితే రెండు రోజుల్లో మాడిపోతుంది. చేను మీరు చూసుకుంటారా?

హన్మకొండ_సిస్టర్: "ఏ మందైనా" అనొద్దన్నా. అదే తేడా. ఒక్క గుక్క చాలు. కోపంలో తాగి, గంటకే బతకాలనుకున్నవాళ్లను చూశాను. వేరే మందైతే వాళ్లకు ఇంకో అవకాశం ఉండేది. శ్రీలంకలో 2008 నుంచి 2011 మధ్య దశలవారీగా ఆపారు. పురుగు మందుల ఆత్మహత్యలు బాగా తగ్గాయి.

నర్సంపేట_పత్తి: శ్రీలంకనా! 2021లో రసాయన ఎరువులు ఆపి వరి ముంచుకున్నది వాళ్లే కదా.

హన్మకొండ_సిస్టర్: అది ఎరువుల సంగతి. నేను మాట్లాడేది ఒక్క మందు గురించి.

ఓరుగల్లు_షాపు: నాది పురుగు మందుల దుకాణం. 2022లో గ్లైఫోసేట్ అనే ఇంకో గడ్డి మందును పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లే, అంటే లైసెన్సున్న మందు కొట్టేవాళ్లే, కొట్టాలని కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. వాళ్లు మన ఏ ఊళ్లో ఉన్నారో చెప్పండి. పారాక్వాట్ కూడా ఆపితే దొంగ సరుకు వస్తుంది. లేబుల్ ఉండదు, డబ్బాలో ఏముందో డాక్టర్‌కూ తెలియదు.

రసాయనం_కాజీపేట: నేను పురుగు మందులు కలిపి తయారుచేసే ఫార్ములేషన్ కంపెనీలో ఇంజినీర్‌ను. 1968 పురుగు మందుల చట్టం కింద రాష్ట్రం తాత్కాలికంగానే ఆపగలదు, శాశ్వత నిషేధం కేంద్రం చేతిలోనే. 2020లో 27 మందుల నిషేధానికి ముసాయిదా వచ్చింది, అందులో పారాక్వాట్ లేనే లేదు. 2023లో వాటిలో మూడింటిని నిషేధించి, మోనోక్రోటోఫాస్ అనే పురుగు మందు ద్రవం ఆపారు. చాలావాటిని వదిలేశారు. పాతది చవగ్గా అమ్ముడవుతుంటే మా యజమాని కొత్త అణువు, అంటే కొత్త రకం మందు, మీద డబ్బెందుకు పెడతాడు? నిషేధం వస్తే పరిశోధన ఆగిపోతుందంటారు గానీ, మా ల్యాబులో నాకు కనిపించేది దానికి తలకిందులే.

నర్సంపేట_పత్తి: కొత్త అణువు ధర ఎంత సారూ? గ్లూఫోసినేట్ గడ్డి మందు రేటు చూశారా?

ఓరుగల్లు_షాపు: ఆ రేటుకు ఉద్దెర కూడా నేనే ఇవ్వాలి.

రసాయనం_కాజీపేట: 2011లో సుప్రీంకోర్టు ఎండోసల్ఫాన్ పురుగు మందును ఆపినప్పుడు కూడా పత్తి పోతుందన్నారు. పోయిందా?

నర్సంపేట_పత్తి: పత్తి ఎట్లా పోతుందో మాకు తెలుసు. 1997-98లో పురుగు ఏ మందుకూ చావక వరంగల్ రైతులే చచ్చిపోయారు. మా చిన్నాయన వాళ్లలో ఒకడు. ఆ మందులకు అనుమతులిచ్చింది మీలాంటి చదువుకున్నవాళ్లే. ఇప్పుడు వచ్చి ఆపమంటారు. ఎండలో నడుము వంచింది ఎప్పుడైనా ఉందా?

పరకాల_పిల్ల: నేను వంచాను, మా అమ్మతో. అన్నా, కూలీలు దొరకట్లేదు అనేది సగం మాటే. గడ్డి మందు వచ్చాక కలుపు పని తగ్గింది. మా వాడ ఆడవాళ్లు పత్తి ఏరే దినాలు పోను మిగతా రోజులు ఇంట్లోనే ఉంటున్నారు. మందు కొట్టడానికి కూడా మా నాన్ననే పిలుస్తారు. గ్లవ్స్ లేవు, మాస్కు లేదు, ముక్కుకు తువాలు. రాత్రి చేతులు మండుతాయి. కూలి పెంచమంటే "మందు కొట్టుకుంటాం" అని బెదిరిస్తారు. మీ గొడవ మందు గురించి కాదు, కూలి గురించి.

నర్సంపేట_పత్తి: మాటలు బాగున్నాయి చెల్లీ. క్వింటాకు ఏనుమాముల మార్కెట్లో తేమ ఉందని కోత కోసేటప్పుడు నా కూలి ఎవరు పెంచుతున్నారు?

రసాయనం_కాజీపేట: ఇదే అసలు లెక్క. నిషేధం ఖర్చు సర్కారు మోయాలా, కంపెనీ మోయాలా, రైతు మోయాలా అని ఎవరూ రాయరు. జనగామ దగ్గర ఏనబావి అనే ఊరు రసాయనాలు మానేసి నెట్టుకొచ్చింది.

నర్సంపేట_పత్తి: ఏనబావి చిన్న ఊరు. ఊరంతా ఒక మాట మీద ఉంది. నా ఊళ్లో వార్డు మెంబర్ మాటే ఎవరూ వినరు.

హన్మకొండ_సిస్టర్: కనీసం చిన్న సీసాలు అమ్మడం ఆపండి. షాపన్నా, ఒంటరిగా వచ్చి పావు లీటరు అడిగితే ఎందుకని అడుగుతారా?

ఓరుగల్లు_షాపు: అడుగుతాను. అడిగితే పక్క షాపుకు పోతారు.

నర్సంపేట_పత్తి: పరకాల చెల్లీ, శ్రావణంలో పది మందిని పంపిస్తావా? మూడు వందలు ఇస్తా.

పరకాల_పిల్ల: నాలుగు వందల యాభై అన్నా. ఆటో కిరాయి నీదే.