థార్‌కి 33 అంగుళాల టైర్లు వేస్తే క్రౌన్ పినియన్ కూడా మార్చాల్సిందేనా?

కొత్తథార్_మియాపూర్:
అన్నలకు నమస్తే. నాది థార్ డీజిల్ మాన్యువల్ ఫోర్ బై ఫోర్, కంపెనీ టైర్లు 255/65 ఆర్18. 17 రిమ్ములు తీసుకుని 285/70 ఆర్17 మడ్ టెరైన్ వేద్దామనుకుంటున్నా. వారమంతా మియాపూర్ నుంచి గచ్చిబౌలి ఆఫీసు, ఆదివారం వికారాబాద్ వైపు మట్టి దారులు. టైర్ల షాపాయన ఏమీ కాదు వేసెయ్ అంటున్నాడు, మా మెకానిక్ ఏమో గేర్ రేషియో మార్చకపోతే, అంటే డిఫరెన్షియల్‌లోని క్రౌన్, పినియన్ అనే పళ్లచక్రాల జత మార్చకపోతే ఇంజిన్ ఈడుస్తుంది అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

మౌలాలి_గేర్లు:
మెకానిక్ మాటే విను. కంపెనీ టైరు ఎత్తు 789 మిల్లీమీటర్లు, అంటే 31 అంగుళాలు. నువ్వు వేస్తానన్నది 831, అంటే 32.7. చక్రం ఒక్క చుట్టుకి బండి 5 శాతం ఎక్కువ దూరం పోతుంది కాబట్టి ప్రతి గేరూ అంత పొడుగైపోయినట్టే. ఇప్పుడు టాప్ గేర్‌లో 100 మీద 2000 ఆర్పీఎం ఉందనుకో, అది 1900కి పడుద్ది. ఈ డీజిల్ 300 ఎన్ఎం టార్కు, అంటే లాగే బలం, ఇచ్చేది 1600 నుంచి 2800 మధ్యలో, కాస్త స్పీడు తగ్గగానే 1600 కిందకి జారి గేరు దించుకోవాల్సి వస్తుంది. బ్రేకు పట్టు కూడా అంతే మేర తగ్గుద్ది, చక్రం పెద్దదైంది కానీ డిస్కు అదే కదా. రేషియో అంటే పినియన్ ఎన్ని చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుద్దో అది. పాత రేషియోని కొత్త టైరు ఎత్తుతో గుణించి పాత ఎత్తుతో భాగిస్తే కావాల్సిన రేషియో వస్తుంది. 3.73 ఉన్న బండి 31 నుంచి 35కి పోతే 4.21 కావాలి, దొరికేది 4.10 లేదా 4.56. రేపు నువ్వు 35కి కూడా పోతావు, అందరూ పోతారు, అందుకే ముందే ఆలోచించుకో.

ఉప్పల్_జిప్సీ:
35 ఎవరు అడిగిండ్రు భాయ్? పిల్లగాడు ఆఫీసుకు పోయే బండి గురించి అడుగుతుండు. తమ్మీ, 5 శాతానికి క్రౌన్ పినియన్ దింపుడు దండగ. ఫోర్-లో (నాలుగు చక్రాలు గుంజే మెల్ల గేరు) వేసి ఫస్ట్ గేర్‌ల పెట్టి కాలు తీసేయ్, బండి దానంతట అదే ఎక్కుతది. నా జిప్సీకి 215/75 ఆర్15 ఉంటయ్, 28 అంగుళాలు కూడా లేవు, అనంతగిరి ఎనక ఎక్కని దారి లేదు. నల్లరేగడిల వెడల్పు టైరు మీద మీదనే జారుతది, సన్న టైరు బురదను కోసుకుంట పోయి కింద గట్టి నేలను పట్టుకుంటది. గాలి తగ్గించుడు నేర్చుకో ముందు.

సండేడ్రైవర్_కొంపల్లి:
జిమ్నీ తీస్కోవాల్సింది బ్రో

టేపుకొలత_బోడుప్పల్:
ఇక్కడ అందరూ 33, 33 అంటున్నారు. 285/70 ఆర్17 లెక్కలో 32.7, బండి బరువు పడ్డాక ఇంకా తక్కువ. మీ లెక్కలన్నీ సైడ్‌వాల్ మీద రాసిన నంబర్లతో చేస్తున్నారు. టైరు మీద చాక్‌పీస్‌తో గీత గీసి, నేల మీద కూడా గీత గీసి, ఒక్క చుట్టు తోసి టేపుతో కొలవండి, దాన్ని 3.14తో భాగించండి. అది అసలు సైజు.

మౌలాలి_గేర్లు:
టేపు అన్నా, పాతదీ కొత్తదీ రెండూ ఒకేలా కొలిస్తే తేడా శాతం దాదాపు అదే వస్తుంది, దాని గురించి గొడవెందుకు.
జిప్సీ అన్నా, మీరు ఫోర్-లో అంటున్నారు, తను వారానికి ఐదు రోజులు మియాపూర్ ట్రాఫిక్‌లో టూ-హైలో, అంటే రెండు చక్రాలే లాగే మామూలు గేరులో ఉంటాడు. క్లచ్ కాలేది అక్కడే. ఫస్ట్ గేర్ పొడుగైతే ప్రతి సిగ్నల్ దగ్గరా హాఫ్ క్లచ్. పైగా ఒక్కో మడ్ టైరు కంపెనీదానికంటే ఎంత బరువో చేత్తో ఎత్తి చూడండి, ఆ బరువంతా అంచు మీదే ఉంటుంది, తిప్పడానికి ఇంజినే లాగాలి. శాతం లెక్కలో ఇది రాదు.

టేపుకొలత_బోడుప్పల్:
దాదాపు అంటే ఎంత? ఎంత గాలిలో కొలిచిన దాదాపు?

ఉప్పల్_జిప్సీ:
రేషియో మార్చుడు అంటే బల్బు మార్చినట్టు చెప్తున్నవ్. నేను చూసిన. జిప్సీకి ముందు నా దగ్గర పాత జీపు ఉండె, సిటీలనే ఒక వర్క్‌షాప్‌ల ఇస్తే ముందు ఎనక రెండూ మార్చి ఇచ్చిండ్రు. వారం తిరగకముందే 50 దాటితే ఎనక హౌసింగ్‌ల కెళ్లి ఏడుపు. మళ్ల ఇప్పి చూస్తే పండ్ల మీద అచ్చు మొత్తం ఒక్క కొసకే, నడుమల ముట్టనే లేదు. పినియన్ కింద పెట్టే సన్న రేకు, షిమ్ము, తప్పు. పండ్ల అచ్చు చూసే బ్లూ రంగు రాసి చూడనే లేదు వాళ్లు, సందు కొలిచే డయల్ గేజ్ షాపులనే లేదు. పైసలు వాపస్ అడిగితే నువ్వే బండి కొట్టినవ్ అన్నరు. అందుకే చెప్తున్న, కంపెనీ కట్టిన డిఫరెన్షియల్ ఇప్పొద్దు.

మౌలాలి_గేర్లు:
అది షిమ్ము తప్పు అని మీరే అంటున్నారు, మరి రేషియోని ఎందుకు తిడుతున్నారు? బ్లూ రాసి అచ్చు పంటి మధ్యలో పడేదాకా షిమ్ములు మార్చడం, క్రౌన్‌కీ పినియన్‌కీ మధ్య ప్లే డయల్ గేజ్ మీద 0.15-0.20 మిల్లీమీటర్ల దగ్గర పెట్టడం, మొదట్లో ఇరవై ముప్పై కిలోమీటర్లు మెల్లగా నడిపి చల్లారనివ్వడం, కొన్ని వందల కిలోమీటర్లకి ఆయిల్ మార్చడం. ఇవి చేసేవాడి దగ్గరికే పోవాలి. ముందు వెనక రేషియో ఒకటే ఉండాలి, ముందు 3.73 వెనక 4.10 పెట్టి గట్టి నేల మీద ఫోర్ వీల్ వేస్తే రెండూ ఒకదాన్నొకటి లాక్కుని ఏదో ఒకటి విరుగుద్ది.

ఉప్పల్_జిప్సీ:
ఇంకోటి కూడా చెప్పు మరి. 3.73 అంటే క్రౌన్‌కి 41 పండ్లు పినియన్‌కి 11. 4.10కి పినియన్ 10, 4.56కి 9. రేషియో పెంచినకొద్ది పినియన్ తలకాయ చిన్నగైతది, పెద్ద టైరు బరువు పడేది దాని మీదనే. దారిల గుంజే బలం కావాల్నంటే ట్రాన్స్‌ఫర్ కేసుల (ముందు ఎనక చక్రాలకు బలం పంచే గేరు పెట్టె) లో-రేంజ్ గేర్లు మార్చుకోవాలె, రోడ్డు మీద ఏం తేడా రాదు. మన జిప్సీ అసొంటి సుజుకీ సమురాయ్ బండ్లకు బయట దేశాలల్ల చానామంది ట్రాన్స్‌ఫర్ కేసు గేర్లే మారుస్తరు. రాంగ్లర్ రూబికాన్ చూడు, ఫస్ట్ గేర్ 4.71, లో రేంజ్ 4, యాక్సిల్ 4.10, గుణిస్తే 77 వస్తది. టైరు 255/75 ఆర్17, 32 అంగుళాలే. దాని బలమంతా ఆ నాలుగుల ఉన్నది.

మౌలాలి_గేర్లు:
రూబికాన్‌కి 32కే 4.10 ఇచ్చారు అంటే నా మాటే నిజమైనట్టు కదా. లో రేంజ్‌తో డిఫరెన్షియల్ కింద ఎత్తు పెరగదు, అది టైరుతోనే పెరుగుద్ది, 2 అంగుళాల టైరుకి 1 అంగుళం. పోయిన వర్షాకాలం కోట్‌పల్లి దగ్గర మీ జిప్సీ పొట్ట మీద కూర్చుంటే లాగింది నా బండే, అది మర్చిపోకండి.

ఉప్పల్_జిప్సీ:
మర్చిపోలే. ఎందుకు కూసున్నదో కూడా చెప్పు. ముంగట మీ 33లు, 35లు ఆరు బండ్లు పోయి రెండు దిక్కుల మోకాలి లోతు చక్రాల గాళ్లు కొట్టినయ్. నడుమ మట్టి దిబ్బ మిగిలింది. 28 టైరు ఆ గాళ్లల్ల దిగితే డిఫరెన్షియల్ దిబ్బ మీద కూసోక ఏం చేస్తది? అంతకుముందు అదే దారిల నేను పదేండ్లసంది పోతున్న. లాగినందుకు అప్పుడే థాంక్స్ చెప్పిన, కానీ నెలకోపారి అందరి ముందు చెప్పుకుంటున్నవ్. ఇంటికి పోంగనే గ్రూపుల మెసేజ్, ఇకనుంచి 33 లేకుంటే కాన్వాయ్‌ల రావొద్దు అని. గది నువ్వు పెట్టినదే.

మౌలాలి_గేర్లు:
నేనే పెట్టా. మళ్లీ పెడతా. ఆ రోజు మూడు బండ్లు లాగేసరికి చీకటి పడింది, లాగే స్ట్రాప్ ఒకటి తెగింది, దాని కొసనున్న ఇనప షాకిల్ మనిషి పక్కనుంచి పోయింది. పిల్లలు బండ్లలో ఉన్నారు. వచ్చేవాళ్ల బాధ్యత నా మీదే కదా, ఏమన్నా అయితే అందరూ నన్నే అడుగుతారు. తక్కువ ఎత్తున్న బండ్లు వద్దు అంటే మీకు అవమానంగా అనిపించింది, నాకు అది మనుషుల ప్రాణాల లెక్క.

ఉప్పల్_జిప్సీ:
ప్రాణాల లెక్క అయితే ఎండాకాలం పోదాం, చిన్న బండ్లు ముంగట పోనీ, గాళ్లు పడకముందే. అది ఎన్నిసార్లు అడిగిన? పైసలున్నోళ్లకే దారి అన్నట్టు రూల్ పెట్టినవ్.

మౌలాలి_గేర్లు:
ముందు పోయి ఇరుక్కుంటే వెనక అందరూ ఆగాలి.

ఉప్పల్_జిప్సీ:
ఆగితే ఏమైతది? గుంపుగా పోయేది ఆగుటానికే కదా.

సండేడ్రైవర్_కొంపల్లి:
కంపెనీ లెక్కకు తేడా వచ్చే మార్పులకి మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఉంది, ఇన్సూరెన్స్ వాళ్లు క్లెయిమ్ టైంలో తీస్తారు, అది కూడా చూసుకోండి

కొత్తథార్_మియాపూర్:
అన్నా, నిజానికి నేను 33 అడిగింది ఆ మెసేజ్ చూసే. ఉన్న టైర్లతో ఇప్పటిదాకా నాకు ఎక్కడా ఇబ్బంది రాలేదు. కాన్వాయ్‌లో రావాలంటే 33 ఉండాలి అన్నారు కాబట్టి రిమ్ములు, టైర్లు, ఇప్పుడు క్రౌన్ పినియన్ అంటే నా వల్ల కాదు. పెద్దోళ్లు మీ ఇద్దరూ దాని మీదే కొట్లాడుకుంటున్నారని ఇప్పుడే తెలిసింది.

ఉప్పల్_జిప్సీ:
తమ్మీ ఆ పైసలు జేబుల పెట్టుకో. ఆదివారం మేం నాలుగు బండ్లు పోతున్నం, రెండు జిప్సీలు రెండు జిమ్నీలు. పొద్దుగాల 6కి అప్పా జంక్షన్. కంప్రెసర్ ఉంటే పట్టుకరా, మట్టిల దిగంగనే టైర్లల్ల గాలి 18 పీఎస్ఐకి దించుదాం.

మౌలాలి_గేర్లు:
రూల్ తీయను, నా కాన్వాయ్ నా ఇష్టం. కానీ తమ్ముడూ, నీది 65 ప్రొఫైల్, అంటే టైరు పక్క గోడ ఎత్తు వెడల్పులో 65 శాతం, 166 మిల్లీమీటర్లే, జిప్సీ కంటే బండి చాలా బరువు. 18కి దించి రాయి మీద మలుపు తిప్పితే రిమ్ము వంగుద్ది. 22 దగ్గర ఆపు.

ఉప్పల్_జిప్సీ:
నల్లరేగడిల 22 ఏం పనికొస్తది?

టేపుకొలత_బోడుప్పల్:
చల్లగా ఉన్నప్పుడు 22నా, వేడెక్కాక 22నా? గేజ్ ఏది?