సివిల్స్ ఇంటర్వ్యూకు ముందు మాక్ ఇంటర్వ్యూలు: ఇంకా వెళ్లాలా, ఇక ఆపాలా?

ధర్మవరం అభ్యర్థి:
అందరికీ నమస్కారం. మెయిన్స్ గట్టెక్కి మొదటిసారి ఢిల్లీ పిలుపు అందుకున్నాను. ఇంకా 26 రోజులుంది. మెయిన్స్ తెలుగులో రాశాను, ఇంటర్వ్యూ కూడా తెలుగులోనే. ఇప్పటికి మూడు మాక్ (సాధన కోసం పెట్టే) ఇంటర్వ్యూలకు వెళ్లాను. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో రెండు, ఆన్‌లైన్‌లో ఒకటి. వెళ్లకముందు ఉన్న ధైర్యం ఇప్పుడు లేదు.

మా నాన్న పట్టుచీరలు నేస్తారు. ఆ సంగతి డాఫ్‌లో, అంటే యూపీఎస్సీకి నింపి ఇచ్చిన వివరాల దరఖాస్తులో, ఉంది కాబట్టి మొదటి ప్యానెల్‌లో ఒకరు అడిగారు: "మరమగ్గాల మీద ఆంక్షలు ఎత్తేస్తే తప్పేమిటి?" నాకు తెలిసింది చెప్పాను. మా ఇంట్లో రెండు మగ్గాలుండేవి, ఒకదాని మీద ఇప్పుడు గుడ్డ కప్పి ఉంది. నాన్న రోజుల తరబడి నేసిన డిజైనే మరమగ్గం మీద దిగి, చాలా తక్కువ ధరకు మా ఊరి దుకాణంలోనే అమ్ముడుపోతోంది. 11 రకాల వస్త్రాలను చేనేతకే కేటాయించిన చట్టం 1985 నుంచి ఉంది, కానీ మా వీధిలో తనిఖీ జరగడం నేను చూడలేదు. ఉన్న చట్టాన్ని ముందు అమలు చేయాలని అన్నాను. "బాధితుడిలా మాట్లాడుతున్నారు, రెండు వైపులా చెప్పి మధ్యలో ఆగండి" అన్నారు. రెండో చోట అలాగే రెండు వైపులా చెబితే, "ఇది కోచింగ్ జవాబు, మీ మాట ఏది?" అని అడిగారు. మూడోచోట జవాబు ఎవరూ వినలేదు, చేతులు ఎక్కువగా ఊపుతున్నానని మాత్రం చెప్పారు.

ఇప్పుడు ఆ ప్రశ్న గుర్తొస్తే మూడు జవాబులు ఒకేసారి గొంతులోకి వస్తున్నాయి. నా గదిలో ఉండే మిత్రుడు పది మాక్‌లకు పేరు నమోదు చేసుకున్నాడు. నేనూ వెళ్లాలా, ఆపేయాలా?

రెండుసార్లు బోర్డు చూసినవాడు:
ఆపేయి తమ్ముడూ, ఈ రోజే. మొదటిసారి నేను 11 మాక్‌లు ఇచ్చాను. ఢిల్లీలోని యూపీఎస్సీ కార్యాలయం ధోల్‌పూర్ హౌస్‌లో ఇంటర్వ్యూ బోర్డు ముందు కూర్చున్నాక, అడిగిన ప్రశ్న పూర్తికాకముందే నా తల పాత జవాబు కోసం వెతకడం మొదలుపెట్టింది. ఎదుట ఉన్నవారి మాట వినడమే మానేశాను. వాళ్లు వారాల తరబడి రోజూ అభ్యర్థులనే వింటారు. ఏది అప్పుడే ఆలోచించి చెబుతున్న మాటో, ఏది అప్పజెబుతున్న పాఠమో వాళ్లకు పట్టడానికి ఎంతసేపు? 275కు 143 వచ్చాయి. రెండోసారి ఒకే ఒక్క మాక్ ఇచ్చాను, 179 వచ్చాయి. బోర్డు మారింది, వయసూ ఏడాది పెరిగింది కాబట్టి ఘనతంతా మాక్‌లు తగ్గించడానికే కట్టబెట్టను.

నోటిఫికేషన్‌లో వ్యక్తిత్వ పరీక్ష (ఇంటర్వ్యూకు కమిషన్ పెట్టిన పేరు) గురించి రాసిన పేరాలను మనవాళ్లు చదవరు. ఇది నిలదీసి అడిగే విచారణ కాదని, సహజంగా, ఒక ఉద్దేశంతో సాగే సంభాషణ అని కమిషన్ అందులో స్పష్టంగా చెప్పింది. మీ జ్ఞానాన్ని రాత పరీక్షలోనే చూశాం, ఇక్కడ మళ్లీ చూడబోమనీ చెప్పింది. సంభాషణను పదిసార్లు రిహార్సల్ చేస్తే అది నాటకం అవుతుంది. నీ మొదటి జవాబే నీ జవాబు, దాన్ని వదలకు.

పాడేరు అక్క:
పై మాటతో నేను ఏకీభవించను. సంభాషణ అందరికీ ఒకేలా సహజం కాదు. నాన్న అధికారో ప్రొఫెసరో అయిన ఇంట్లో పిల్లలు భోజనాల దగ్గరే ఇరవై ఏళ్లు మాక్ ఇచ్చి వస్తారు. మా ఇంట్లో పెద్దవాళ్లు మాట్లాడుతుంటే తల వంచుకుని వినడమే మర్యాద. ఎదురు చెబితే చెంప పగిలేది. అలా పెరిగిన నేను ఐదుగురు పెద్దల కళ్లలోకి చూస్తూ "సర్, ఆ మాటతో నేను విభేదిస్తున్నాను" అనాలి. మొదటి మాక్‌లో మూడు నిమిషాల పాటు నా గొంతు నాకే వినపడలేదు. కళ్లనీళ్లు పెట్టుకుని బయటికి వచ్చాను. ఆ ఒక్క వాక్యం వణుకు లేకుండా నోట రావడానికి ఏడు మాక్‌లు పట్టాయి. ఆ ఏడూ లేకపోతే నేను ఈ రోజు సర్వీసులో ఉండేదాన్ని కాదు. పల్లె నుంచి వచ్చిన పిల్లలకు మాక్‌లు వద్దని చెప్పేవారు ఈ తేడాను కూడా చూడాలి.

ఇక ఆ మొదటి ప్యానెల్‌ను నేను పూర్తిగా తప్పుపట్టను. వాళ్లు చెప్పిన తీరు మొరటుగా ఉంది, కానీ ప్రశ్న మంచిది. బోర్డులో ఎవరైనా "సిరిసిల్ల మరమగ్గాల కార్మికుడు కూడా పేదవాడే కదా, అతనికి ఏం చెబుతారు?" అని అడిగితే నీ జవాబు ఎక్కడ నిలుస్తుంది తమ్ముడూ? కమిషన్ చూసే గుణాల్లో సమతూకంతో నిర్ణయించే శక్తి ఒకటి. ఎటూ చెప్పకుండా మధ్యలో ఆగడం సమతూకం కాదు. అవతలి మనిషిని కూడా చూశాక, నీ పక్షాన్ని నువ్వు నిలబెట్టుకోగలగాలి. మనకు తట్టని ప్రశ్న ఎదుటివారి నోటి నుంచే వస్తుంది. మాక్ ఉన్నది అందుకు.

సూర్యాపేట పాఠకుడు:
అసలు ఈ 275 మార్కులే అన్యాయం. తెలంగాణలో 2022 గ్రూప్-1 నోటిఫికేషన్ నుంచే ఇంటర్వ్యూ తీసేశారు. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో తీసేసి, గ్రూప్-1కు మళ్లీ తెచ్చారు. రాతలో చూపించిన ప్రతిభ చాలదా?

పాడేరు అక్క:
అది పెద్ద చర్చ, వేరుగా పెట్టుకుందాం. ఈ తమ్ముడికి 26 రోజుల్లో ఇంటర్వ్యూ ఉంది.

తెలుగులో ఇచ్చినవాణ్ణి:
ఎన్ని అన్నదాని మీదే అందరూ వాదిస్తున్నారు. తెలుగులో ఇంటర్వ్యూ ఇచ్చేవారికి అంతకంటే పెద్ద చిక్కు ఒకటుంది. మీరు వెళ్లిన మూడు మాక్‌లలో ఒక్కదానిలోనైనా దుభాషి ఉన్నారా? ఉండి ఉండరు. ప్యానెల్ తెలుగులో అడిగి ఉంటుంది, మీరు తెలుగులో చెప్పి ఉంటారు. ఢిల్లీలో అలా జరగదు. మీ మాట దుభాషి నోటి నుంచి ఇంగ్లిషులో బోర్డుకు చేరుతుంది. బోర్డు వినేది ఆ ఇంగ్లిషునే.

మన వాక్యంలో క్రియ చివర ఉంటుంది. "చట్టం ఉన్నప్పటికీ, తనిఖీలు లేకపోవడం వల్ల, నకిలీ చీరలు వస్తుండటంతో..." అని మీరు అల్లుకుంటూ పోతే, మీరు ఔనంటున్నారో కాదంటున్నారో తెలియక దుభాషి చివరిదాకా వేచి ఉండాల్సిందే. ఈలోగా మొదట్లో చెప్పింది జారిపోతుంది. నాకు అదే జరిగింది. నేను ఐదు వాక్యాల్లో చెప్పిన విషయం రెండు వాక్యాలై బయటికి వచ్చింది, అందులోనూ అసలు కారణం లేదు. ఆ తర్వాత చిన్న చిన్న వాక్యాలకు మారాను. "చట్టం ఉంది. 11 రకాలకు రక్షణ ఉంది. తనిఖీ లేదు." ఒక్కో ముక్క చెప్పి ఆగాను. అప్పటి నుంచి సాఫీగా సాగింది.

ఇంకో మాట. పడుగు, పేక, ఆసు, గుంటమగ్గం మీకు ఇంటి మాటలు. దుభాషికి అవి తెలిసి ఉండాలని లేదు. మాట వాడిన వెంటనే అదేమిటో ఒక వాక్యంలో మీరే చెప్పండి. ప్రశ్న ఇంగ్లిషులో వస్తున్నప్పుడే మీకు అర్థమైపోతుంది. అనువాదం అయ్యేంతసేపూ ఆలోచించుకోవచ్చు, తొందరపడి మధ్యలో అందుకోకండి.

తెలుగు అడ్డంకి అవుతుందని మాత్రం భయపడకండి. శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి, ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ తెలుగు మాధ్యమంలో రాసిన రోణంకి గోపాలకృష్ణ గారు 2016 సివిల్స్‌లో దేశంలో మూడో ర్యాంకు తెచ్చుకున్నారు. ఆయన ఇంటర్వ్యూ కూడా తెలుగులోనే, దుభాషి సాయంతోనే సాగింది.

రెండుసార్లు బోర్డు చూసినవాడు:
దుభాషి సంగతి నాకు తట్టలేదు, నేను ఇంగ్లిషులో ఇచ్చాను. అలాంటి మాక్ ఒకటి తప్పకుండా ఇవ్వాలని ఒప్పుకుంటాను. పాడేరు అక్క గారి సిరిసిల్ల ప్రశ్న కూడా గట్టిదే. కానీ అక్కా, ఆ ప్రశ్న అడగడానికి ప్యానెల్, సూటు, వీడియో అక్కర్లేదు కదా. మీరు ఇక్కడే అడిగారు. డాఫ్ చేతిలో పెట్టుకుని గంటసేపు గుచ్చి గుచ్చి అడిగే ఒక్క మనిషి, పది ప్యానెళ్ల కంటే మేలు. చాలాచోట్ల మన డాఫ్‌ను కుర్చీలో కూర్చున్నాకే తెరుస్తారు.

పాడేరు అక్క:
అలాంటి మనిషి దొరికినవారికి మీ మాట నిజం. మా ఊళ్లో నాకు ఎవరు దొరికారు? ప్యానెళ్లే దొరికాయి. అందుకే వాటిని తీసిపారేయలేను.

ధర్మవరం అభ్యర్థి:
సిరిసిల్ల ప్రశ్న రాత్రంతా నిద్రపోనివ్వలేదు. పొద్దున నాన్నను ఫోనులో అడిగాను. "వాళ్ల మీద నాకేం కోపం రా? నా చీరలాంటిది నేసి, చేనేత అని చెప్పి అమ్మేవాడి మీదే నా కోపం" అన్నారు. నేను మూడు మాక్‌లలో చెప్పలేకపోయింది ఇదే. సిరిసిల్లలో ఎక్కువగా నేసేది పాలిస్టర్ బట్ట. మా తగువు పట్టుచీర నకళ్లతో, వాటిని చేనేతగా అంటగట్టే వ్యాపారంతో. సిరిసిల్ల కార్మికుడికి పని ఉండాలి, మా నాన్న నేతకు చట్టం ఇచ్చిన రక్షణా దక్కాలి. ఈ రెంటికీ పొత్తు కుదురుతుందనే చెబుతాను. ఎవరైనా ఒప్పుకోకపోతే వింటాను.

మిగతా మాక్‌లకు పేరు ఇవ్వడం లేదు. దుభాషితో ఒక్కటి మాత్రం ఇవ్వాలని ఉంది. ఎక్కడ దొరుకుతుందో తెలియడం లేదు.

తెలుగులో ఇచ్చినవాణ్ణి:
ఆదివారం ఉదయం ఏడు గంటలకు వీడియోలో కూర్చుందాం. నేను ఇంగ్లిషులో అడుగుతాను. మా ఆవిడ జూనియర్ కాలేజీలో ఇంగ్లిషు చెబుతుంది, దుభాషిగా ఉంటానంది. చేనేత గురించి ఆమెకు ఏమీ తెలియదు, మీకు కావలసింది అదే. డాఫ్ ముందే పంపండి, శనివారం చదువుతాను. పాడేరు అక్క గారూ, రెండో సభ్యురాలిగా మీరు రాగలరా?

పాడేరు అక్క:
వస్తాను. ఎనిమిదింటికల్లా ఆఫీసుకు బయల్దేరాలి, కాబట్టి మొదటి ప్రశ్న నాకు ఇవ్వండి.