వికలాంగుల కళా సంఘం: పగ్గాలు ఎవరి చేతిలో ఉండాలి?

కోనసీమ కుర్రోడు: మా అమలాపురం వైపు వికలాంగ కళాకారుల సంఘం ఒకటుంది. పాట, హరికథ, నాటకం నేర్పి ప్రదర్శనలు ఇప్పిస్తారు. పెట్టింది ఓ రిటైర్డ్ లెక్చరర్ గారు, ఆయన స్నేహితులు. కమిటీలో ఏడుగురుంటే ఒక్కరికీ వైకల్యం లేదు. అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి ఇకమీదట మాలోంచే ఉండాలని ఈసారి సర్వసభ్య సమావేశంలో సభ్యులు తీర్మానం పెడుతున్నారు. పాతవాళ్లు బాగా నొచ్చుకున్నారు. మీరేమంటారు?

గోదారి గట్టు: నొచ్చుకోరా మరి? సొసైటీ రిజిస్ట్రేషన్, ఏటా ఆడిట్, సంఘానికీ దాతలకీ ఆదాయపు పన్ను మినహాయింపు కాగితాలు, 2021 నుంచి కంపెనీల సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) డబ్బు కావాలంటే సీఎస్ఆర్-1 ఫారం. ఇదంతా జీతం భత్యం లేకుండా చేస్తున్నారు. రేపు లెక్కల్లో తేడా వస్తే నోటీసు కళాకారుడికి రాదు, కోశాధికారికి వస్తుంది. అయినా చూపు లేనివారిని కోశాధికారిగా పెడితే చెక్కుల సంగతేంటి? బ్యాంకు ఒప్పుకుంటుందా?

మండపేట తబలా: ఒప్పుకుంటుందండి. చూపు లేని ఖాతాదారులకు చెక్కుబుక్కు, ఏటీఎం, లాకరు, నెట్ బ్యాంకింగ్ ఏదీ కాదనకూడదని రిజర్వు బ్యాంకు 2008లోనే బ్యాంకులకు చెప్పింది. నాకు పుట్టుకతో చూపు లేదు. నా చెక్కుల మీద సంతకం నేనే పెడతాను, స్టేట్‌మెంటు ఫోనే చదివి వినిపిస్తుంది. సంఘం ఖాతాకి ఎలాగూ ఇద్దరి సంతకాలుంటాయి కదా, టెన్షన్ దేనికి?

లెక్కలు పక్కన పెట్టి ప్రోగ్రాం రోజు సంగతి చూడండి. ఓసారి మా బృందాన్ని ఇలాంటి సంస్థే పిలిచింది. ఆరింటికన్నారు. జ్యోతి ప్రజ్వలన, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి (ఈ ముగ్గురికీ తేడా ఏమిటో నాకిప్పటికీ అంతుపట్టదు), ఒక్కొక్కరికీ శాలువా, మెమెంటో, ఉపన్యాసం. మాకు స్టేజీ దొరికేసరికి తొమ్మిదిన్నర. టెంటు వాళ్లు వెనక వరసల్లో కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేరుస్తున్న చప్పుడు నాకు శ్రుతిలోకి వచ్చేస్తోంది. మా గాయకుడికి పోలియో. ఇద్దరు ఆయన్ని చంకల కింద చేతులేసి పైకెత్తారు, లాల్చీ పైకి జారిపోయింది, ఆయన సర్దుకునేలోపే ఫొటో తీసేశారట. మర్నాడు విరాళాల కరపత్రం మీద ఆ ఫొటోనే. నాలుగు చెక్కబల్లలతో ర్యాంపు వేయించమని మేం ముందే అడిగాం. బడ్జెట్ లేదన్నారు. శాలువాలకి ఉంది! ఆ కమిటీలో చక్రాల కుర్చీ వాడే మనిషి ఒక్కరున్నా టెంటు వాళ్లతో మొదటి బేరం ర్యాంపుకే ఆడేవారు. మంచివాళ్లు కారని నేననను. వాళ్లకి అవసరం పడలేదు, అంతే.

గోదారి గట్టు: అది పద్ధతి కాదు, ఒప్పుకుంటాను. దానికి సలహా సంఘం వేస్తే సరిపోతుంది, పగ్గాలే ఇచ్చేయాలా?

మండపేట తబలా: సలహా ఇచ్చాం కదండీ, ర్యాంపు కావాలని.

తణుకు నుంచి: నాకు వినపడదు. ఇలాంటి మీటింగులకి వెళ్తాను. అందరూ నవ్వితే నవ్వుతాను, చేతులెత్తితే ఎత్తుతాను. తీర్మానమేమిటో తర్వాత వాట్సాప్‌లో తెలుస్తుంది. సైగల్లో చెప్పేవాళ్లని పెట్టకుండా నన్ను కార్యదర్శిని చేస్తే ఉత్సవ విగ్రహంలా కూర్చోవాలి. ముందు ఆ ఖర్చు రాయండి.

ఓ తల్లి: నా బాధ వేరు. మా అబ్బాయికి 24 ఏళ్లు, మేధో వైకల్యం. జాతరలో గరగలు వస్తే డప్పులవాళ్లతో సమానంగా దరువు వేస్తాడు. మీటింగులో రెండు నిమిషాలు కూర్చోడు. మరి "మాలోంచే" అంటే వాడి తరఫున ఎవరు? 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. మీ తీర్మానం తమ మాట తాము చెప్పుకోగలిగినవాళ్లకే పనికొచ్చేలా ఉంది. రేపు కమిటీ నిండా మీరే ఉన్నా మావాడికి ఒరిగేదేముంది?

మండపేట తబలా: నిజమేనమ్మా, తీర్మానంలో ఆ లోటుంది. తల్లిదండ్రులకు రెండు స్థానాలు పెట్టమని రాయించాలి. అదే చట్టం 14వ సెక్షన్‌లో పరిమిత సంరక్షకత్వం అని ఉంది, సంరక్షకులూ ఆ మనిషీ కలిసి నిర్ణయించాలంటుంది. కాబట్టి మీరు కూర్చున్నా, ఫలానా ఊళ్లో ప్రోగ్రాం అన్నప్పుడు అబ్బాయిని అడగాలి. ముఖం తిప్పుకుంటే వద్దన్నాడనే మినిట్స్‌లో రాయాలి.

ఓ తల్లి: ముఖం తిప్పుకున్నా, బట్టలేసి ఆటో ఎక్కించాక హుషారుగా వస్తాడండి. అది నాకు తెలుస్తుంది, మీ మినిట్స్‌కి తెలీదు. రెండు స్థానాల మాటకి మాత్రం సరే.

కోనసీమ కుర్రోడు: ఇంకో సంగతి. సమావేశం కల్యాణ మండపం మేడ మీద పెట్టారు. లిఫ్టు లేదు.

గోదారి గట్టు: ఆయ్, అదేం పనండీ! కింద భోజనాల హాలు ఖాళీగానే ఉంటుంది కదా. మండపం వాళ్లు నాకు తెలిసినవాళ్లే, నేను మాట్లాడతాను. తీర్మానానికి మాత్రం వ్యతిరేకంగానే చెయ్యెత్తుతాను, ముందే చెబుతున్నా.