సుషీ అసలు ఎక్కడ పుట్టింది?

తెనాలి_శ్రీ: అన్నం, చేపతో చేసే సుషీ జపాన్‌ది కాదు, చైనాదని ఒకరు, కాదు థాయ్‌లాండ్ వైపు నుంచి వెళ్లిందని ఇంకొకరు. ఆఫీసులో రోజూ ఇదే గొడవ. అక్కడ ఉన్నవాళ్లు, తిన్నవాళ్లు చెప్పండి.

బివా_గట్టు: నేనుండేది జపాన్‌లో, బివా సరస్సు పక్కన. ఇక్కడ ఫునాజుషి చేస్తారు. గుడ్లున్న నిగొరోబునా చేపను వసంతంలో ఉప్పులో ఊరవేస్తారు. ఎండలు ముదిరాక కడిగి ఆరబెట్టి, అన్నంతో పొరలు పొరలుగా తొట్టిలో కూరి, పైన బరువు పెడతారు. తీసేది నెలల తర్వాతే, కొందరు రెండేళ్లూ ఉంచుతారు. అప్పటికి అన్నం జావైపోతుంది. దాన్ని తీసేసి చేపనే పల్చగా కోసుకుని తింటారు. వాసన ఘాటు, పులుపు ఇంకా ఘాటు. నాకు చాలా నచ్చింది. సుషీ పాత రూపం ఇదేనని ఇక్కడివాళ్లు గర్వంగా చెబుతారు.

ఖోన్‌కేన్_రవి: థాయ్‌లాండ్ ఈశాన్య ప్రాంతం, మా ఈశాన్ మార్కెట్లలో ప్లా సోమ్ అమ్ముతారండీ. చేపకు ఉప్పు, వెల్లుల్లి, అన్నం పట్టించి కొన్ని రోజులు పులియబెట్టి, నూనెలో వేయిస్తారు. లావోస్‌లో అదే సోమ్ పా. వానాకాలంలో వరి మళ్లలోకి చేపలు ఎక్కుతాయి, నీళ్లు తీశాక ఒక్కసారిగా బోలెడు దొరుకుతాయి. మరి నిల్వ చేయాలిగా? మెకాంగ్ నది పరిసరాల్లో వరి సాగుతోపాటే ఈ పద్ధతి పుట్టిందని జపాన్ పరిశోధకుడు ఇషిగె నవోమిచి వాదన. ఇక్కడి మళ్లు చూశాక నాకు అదే సబబనిపిస్తోంది.

పాత_పుటలు: చైనాను అంత తేలిగ్గా తీసేయకండి. 6వ శతాబ్దంలో జియా సిష్యే రాసిన వ్యవసాయ గ్రంథంలో చేపను ఉప్పు, అన్నంతో ఊరవేసే పద్ధతి వివరంగా ఉంది. జపాన్‌లో సుషీని పన్నుగా కట్టాలన్న యోరో చట్టం 718 నాటిది.

ఖోన్‌కేన్_రవి: ముందు రాసిపెట్టినంత మాత్రాన అక్కడే పుట్టినట్టు కాదు కదండీ. నది ఒడ్డు రైతు తన వంట పుస్తకంలో రాసుకోడు. చైనాలో కూడా ఇప్పటికీ పులిసిన చేప బాగా చేసేది గుయ్‌జౌ కొండల్లోని డాంగ్ ప్రజలు. వాళ్లూ వరి మళ్లలో చేపలు పెంచేవాళ్లే.

వంటిల్లు_కాకినాడ: ఉప్పేసిన అన్నం పులిసి లాక్టిక్ ఆమ్లం పుడుతుంది, అదే చేపను కుళ్లనివ్వదు. చద్దన్నం పులిసినట్టే. జపాన్‌వాళ్ల అసలు ఘనత ఆ తర్వాతిది. ముందు, అన్నం పూర్తిగా పులవకముందే చేపతో కలిపి తినడం మొదలుపెట్టారు. తర్వాత పులిసేదాకా ఆగకుండా వెనిగర్ కలిపారు. 1820ల్లో ఎదోలో, అంటే ఇప్పటి టోక్యోలో, నిగిరికి, అంటే చేత్తో ఒత్తిన అన్నం ముద్ద మీద చేప ముక్క పెట్టే సుషీకి, పేరు తెచ్చింది హనాయా యోహెయ్ అంటారు. కాబట్టి నా లెక్కలో పద్ధతి మెకాంగ్ వైపుది, మనం ప్లేట్లో చూసే సుషీ మాత్రం ముమ్మాటికీ జపాన్‌దే.

తెనాలి_శ్రీ: ఇది బాగుంది, రేపు ఇదే చెబుతాను. బివా గారూ, ఫునాజుషి కొత్తవాళ్లు తినగలరా?

బివా_గట్టు: తినొచ్చండీ. మొదట రెండు పల్చటి ముక్కలు వేడన్నం మీద పెట్టి, పైన వేడి గ్రీన్ టీ పోసుకోండి. ఘాటు తగ్గుతుంది. మంచి ముక్కకు ధర బాగానే ఉంటుంది, చిన్న ప్యాకెట్‌తో మొదలుపెట్టండి.